ఫ్రీజర్‌లో ఉన్న ఆ చేపను ఏం చేయాలి?

పేరు వేయొద్దంటూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు ముప్ఫై రెండేళ్లు. నాలుగేళ్ల పాప ఉంది. ఇప్పుడు మళ్లీ ఐదో నెల. మామగారు రిటైరయ్యాక గాలం వేయడం మొదలుపెట్టారట. అత్తగారు పోయిన తర్వాత ఆయన్ని మనిషిగా నిలబెట్టింది ఆ అలవాటేనని ఆమె రాశారు. తెల్లవారకముందే జలాశయం దగ్గరికి వెళ్తారు, ఎండెక్కేసరికి చేపతో ఇంటికొస్తారు. కోడలు నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి మంచి ముక్కలన్నీ ఆమెకే. "తినమ్మా, బిడ్డకు బుర్ర బాగా ఎదుగుతుంది" అంటూ దగ్గర కూర్చుని తినిపించేవారట. అలా నాలుగు నెలల పాటు వారానికి మూడుసార్లు తిన్నారు. అవి చిన్న చేపల్ని వేటాడి తినే జాతి అని, పెద్దది దొరికితేనే ఆయన ఇంటికి తెస్తారని కూడా రాశారు.

ఒక రాత్రి ఆమె భర్త ఫోన్‌లో చేపల్లో పాదరసం గురించి చదివారు. తెల్లారేసరికి ఇంట్లోకి ఏ చేపా రావడానికి వీల్లేదన్నారు. సముద్రపు చేపైనా, డబ్బాలో చేపైనా సరే. పాపకు కూడా ఆపేశారు. "అంటే నేను విషం పెడుతున్నాననా?" అని మామగారు కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. పది రోజులుగా తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. దీనికి తోడు, ఆ జలాశయానికి ఎగువన ఒకప్పుడు ఫ్యాక్టరీ ఉండేదని, మూతపడి ఇరవై ఏళ్లు దాటిందని ఆమెకు ఈ మధ్యే తెలిసింది. ఫ్రీజర్‌లో ఇంకా ఒక ప్యాకెట్ ఉంది. దాని మీద మామగారి చేతిరాతలో ఆమె పేరు, చేప పట్టిన తేదీ ఉన్నాయి. "ఫ్రీజర్ తలుపు తీసినప్పుడల్లా ఏడుపొస్తోంది" అంటున్నారు. ఇప్పటిదాకా తిన్నదానితో బిడ్డకేమైనా అయిందా, చేప పూర్తిగా మానేయాలా, మామయ్యకు ఏమని చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. అది తేలకపోతే మిగతాది మీ చెవికెక్కదు.

మీరు రాసినదాంట్లో బిడ్డకు హాని జరిగిందని చెప్పే విషయం ఒక్కటి కూడా లేదు. ఏమీ కాలేదని ప్రమాణం చేసి చెప్పలేను, ఎందుకంటే ఆ చేపలో ఎంత పాదరసం ఉందో ఎవరూ కొలవలేదు. కానీ ఇది ఒక ముక్క తింటే జరిగిపోయే ప్రమాదం కాదు. శరీరంలో కొంచెం కొంచెంగా చేరుతుంది, తినడం ఆపితే అలాగే కొంచెం కొంచెంగా పోతుంది. రక్తంలో ఉన్నది సగానికి తగ్గడానికి సుమారు 50 రోజులు పడుతుంది. మీరు ఆపి పది రోజులైంది, కాన్పుకు ఇంకా నాలుగు నెలలుంది. అప్పటికి మీ ఒంట్లో మిగిలేది ఇప్పుడున్నదాంట్లో నాలుగో వంతుకు లోపే. తగ్గడం ఇప్పటికే మొదలైంది.

ఇంతకీ చేపలోకి పాదరసం ఎలా వస్తుంది? చాలామంది అనుకున్నట్టు చేప మురికినీళ్లు తాగడం వల్ల కాదు. బొగ్గు మండించినప్పుడు, చిన్న చిన్న గనుల్లో పాదరసం కలిపి బంగారం తీసినప్పుడు అది గాల్లోకి లేస్తుంది. ఎక్కడో లేచింది ఇంకెక్కడో వానతో పాటు నీళ్లలో పడుతుంది. అడుగున గాలి అందని బురదలో ఉండే బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. అసలు ఇబ్బంది ఈ రూపంతోనే. నాచులోకి, నాచును తినే పురుగులోకి, పురుగును తినే చిన్న చేపలోకి, ఆ చిన్న చేపను మింగే పెద్ద చేపలోకి వెళ్తూ మెట్టుమెట్టుకూ పెరుగుతుంది. పైమెట్టు మీదున్న చేపలో నీళ్లలో కంటే లక్షల రెట్లు ఎక్కువ ఉండొచ్చు.

కొన్నేళ్ల పాటు చేపల నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లో పని చేశాను. చేప తల లోపల, చెవి భాగంలో, గోరంత తెల్లటి రాయి ఒకటి ఉంటుంది. దాన్ని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మొద్దులో కనిపించేలాంటి వలయాలు కనబడతాయి. వాటిని లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. ఒకే నీళ్లలో పట్టిన రెండేళ్ల చేప, పన్నెండేళ్ల చేప నా బల్ల మీద పక్కపక్కనే ఉండేవి. రెండింటి కండా ఒకేలా తెల్లగా, మెరుస్తూ, ఏ వాసనా లేకుండా ఉండేది. యంత్రం చూపించే అంకెల్లో మాత్రం పోలికే ఉండేది కాదు. ముసలి చేపలో ఏళ్ల తరబడి చేరినదంతా ఉంటుంది. మీ మామగారు గర్వంగా తెచ్చే పెద్ద చేప అలాంటిదే. తాజాదనం చూసి గానీ, రుచి చూసి గానీ దీన్ని కనిపెట్టడం ఎవరివల్లా కాదు. ఆయనకు తెలియకపోవడంలో తప్పేమీ లేదు.

ఇంకో సంగతి. మిథైల్ మెర్క్యురీ కండలోని ప్రొటీన్‌ను పట్టుకుని ఉంటుంది. ఉప్పు నీళ్లలో నానబెట్టినా, చర్మం తీసేసినా, ఎంతసేపు ఉడికించినా పోదు. ఫ్రీజర్‌లో పెట్టినా పోదు.

ఇక లెక్క చూద్దాం. గర్భంలోని బిడ్డను కూడా దృష్టిలో పెట్టుకుని, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2003లో ఒక పరిమితి చెప్పింది. ఒంటి బరువు కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. మీరు 60 కిలోలున్నారనుకుందాం. వారానికి 96 మైక్రోగ్రాములవుతుంది. సొరచేపలో సగటున గ్రాముకు ఒక మైక్రోగ్రామ్ దాకా ఉంటుంది కాబట్టి 150 గ్రాములు ఒక్కసారి తింటే ఆ వారం పరిమితి దాటిపోయినట్టే. అదే 150 గ్రాముల సార్డీన్లు, అంటే మనం కవళ్లు అనే రకం, తింటే వచ్చేది రెండు మైక్రోగ్రాములు. సాల్మన్‌లో మూడు, నాలుగు. రొయ్యల్లో ఇంకా తక్కువ. డబ్బాల్లో వచ్చే లైట్ ట్యూనాలో ఇరవై లోపు.

అంటే సొరకూ కవళ్లకూ మధ్య డెబ్భై రెట్లకు పైగా తేడా ఉంది. మీ ఇంట్లో రెండింటినీ కలిపి "చేప" అనే ఒక్క మాటతో పోట్లాడుకుంటున్నారు. చేప మంచిదని మామగారు అంటున్నారు, చేప ప్రమాదమని మీవారు అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే, కాకపోతే ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు చేపల గురించి.

మీవారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. జపాన్‌లోని మినమాటాలో ఒక కర్మాగారం 1932 నుంచి 1968 దాకా మిథైల్ మెర్క్యురీ ఉన్న వ్యర్థాల్ని సముద్రంలోకి వదిలింది. ముందు పిల్లులు పిచ్చెక్కినట్టు గెంతి చచ్చిపోయాయి. తర్వాత మనుషులకు చేతులు, కాళ్లు స్వాధీనం తప్పాయి. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. పెద్దగా లక్షణాలేమీ కనిపించని తల్లులకు కూడా తీవ్రమైన మెదడు లోపాలతో పిల్లలు పుట్టారు. గర్భంలోని మాయ ఈ విషాన్ని అడ్డుకోలేదని, బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తంలో కంటే ఎక్కువే ఉంటుందని లోకానికి అర్థమైంది అలాగే. మీవారు ఆ రాత్రి ఇలాంటిదే ఏదో చదివి ఉంటారు, నిద్ర పట్టి ఉండదు. కాకపోతే మినమాటాలో జరిగింది దశాబ్దాల పాటు ఒకే అఖాతంలోకి నేరుగా విషం వదలడం. మామూలుగా చేప తినే ఇళ్లను దాంతో పోల్చకూడదు.

మామూలు ఇళ్లకు పనికొచ్చే పాఠం వేరే రెండు చోట్ల దొరుకుతుంది. ఫారో దీవుల్లో 1986, 87ల్లో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. అక్కడి తల్లులు తిన్నవాటిలో పైలట్ తిమింగలం మాంసం కూడా ఉంది. అందులో పాదరసం బాగా ఎక్కువ, పీసీబీలనే ఫ్యాక్టరీ రసాయనాలూ ఉంటాయి. గర్భంలో పాదరసం ఎక్కువగా అందిన పిల్లల్లో ఏడేళ్లొచ్చేసరికి ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, మాట విషయంలో కొంచెం వెనకబాటు కనిపించింది. సీషెల్స్ దీవుల్లోని తల్లులు దాదాపు ప్రతి రోజూ సముద్రపు చేప తిన్నారు. అక్కడి పిల్లల్లో అలాంటి హాని నిలకడగా కనిపించలేదు. చేపలో ఉండే ఒమేగా-3 లాంటి పోషకాలు చేసే మేలు కూడా దీనికి ఒక కారణమని పరిశోధకులు భావించారు. బ్రిటన్‌లో వేలాదిమంది తల్లీబిడ్డల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. గర్భంతో ఉన్నప్పుడు వారానికి 340 గ్రాముల కంటే తక్కువ చేప తిన్న తల్లుల పిల్లల్లోనే మాటకు సంబంధించిన తెలివితేటల పరీక్షల్లో వెనకబడే అవకాశం ఎక్కువగా కనిపించింది.

కాబట్టి చేప మొత్తం మానేయడాన్ని కూడా నష్టమేమీ లేని జాగ్రత్తగా అనుకోవద్దు. 2001లో అమెరికాలో గర్భిణులకు పాదరసం హెచ్చరిక ఇచ్చాక, వద్దన్న నాలుగు రకాలతో ఆగకుండా కొందరు అన్ని చేపల్నీ తగ్గించేశారని తర్వాత తేలింది. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే.

మరి మీ ముందున్న దారులేమిటి? కాన్పయ్యే దాకా చేప పూర్తిగా మానేయొచ్చు. ఇంట్లో గొడవ వెంటనే చల్లారుతుంది. అలా చేస్తే ఒమేగా-3, అయోడిన్, విటమిన్ డి ఎక్కడి నుంచి వస్తాయో డాక్టరుతో మాట్లాడి చూసుకోవాలి. నాచు నుంచి తీసిన ఒమేగా-3 మాత్రలున్నాయి. చేపనూనె మాత్రల్లో కూడా పాదరసం సాధారణంగా చాలా తక్కువే, ఎందుకంటే అది నూనెలో కాకుండా ప్రొటీన్‌లో ఉంటుంది. చేప కాలేయం నూనె మాత్రం వద్దు. అందులో విటమిన్ ఎ ఎక్కువ, గర్భంలో అది అతి అయితే బిడ్డకు మంచిది కాదు. మాత్రలు వేసుకుంటే ఒమేగా-3 అందుతుంది గానీ చేపలోని మిగతావన్నీ అందవు.

జలాశయం చేప పక్కన పెట్టి, పాదరసం తక్కువున్న రకాల్ని వారానికి రెండు మూడు సార్లు, మొత్తం 225 నుంచి 340 గ్రాముల దాకా తినడం రెండో దారి. అమెరికా ఆహార, పర్యావరణ సంస్థలు గర్భిణులకు చెప్పే కొలత ఇదే. కవళ్లు, నెత్తళ్లు, సాల్మన్, రొయ్యలు ఈ కోవలోకి వస్తాయి. సొర, కత్తిచేప, మార్లిన్, కింగ్ మాకెరెల్, పెద్దకంటి ట్యూనా జోలికి మాత్రం పోవద్దు. దీనికి మీవారిని ఒప్పించాలి. ఆ కష్టం ఉంది.

వారానికి ఒక్కసారి జలాశయం చేపే తిని, ఆ వారం ఇంకే చేపా తినకపోవడం మూడోది. ఏ నీళ్ల గురించైతే అధికారిక సలహా ఏదీ దొరకదో, అక్కడ పట్టిన చేపకు అమెరికాలో చెప్పే నియమం ఇది. మామగారి మనసు నొచ్చుకోదు. కానీ మీరు ఎగువన ఫ్యాక్టరీ ఉండేదని రాశారు కాబట్టి మీ విషయంలో ఈ దారికి నా మనసు ఒప్పుకోవడం లేదు. మీ స్థానంలో నా కూతురుంటే రెండోదే ఎంచుకోమని చెప్తాను.

ఫ్యాక్టరీ మూసి ఇరవై ఏళ్లైంది కదా అని మీరు అడిగారు. అక్కడ ఏం తయారయ్యేదన్నదే ముఖ్యం. పీసీబీలు, డయాక్సిన్ల లాంటి రసాయనాలు అడుగు బురదలో దశాబ్దాల పాటు ఉంటాయి. అమెరికాలోని హడ్సన్ నదిలోకి పీసీబీలు వదలడం 1977లో ఆగిపోయింది. అయినా అక్కడి చేపల మీద ఆంక్షలు దశాబ్దాల పాటు కొనసాగాయి. ఇవి పాదరసం లాగా కండలో ఉండవు, కొవ్వులో చేరతాయి. చర్మం, పొట్ట దగ్గరి కొవ్వు, పక్కన పొడవునా ఉండే ముదురు రంగు కండ తీసేసి, కొవ్వు కారిపోయేలా కాలిస్తే చాలావరకు తగ్గుతాయి, పూర్తిగా పోవు. పీఫాస్ అనే ఇంకో రకం రసాయనాలున్నాయి. అవి ప్రొటీన్‌ను పట్టుకునేవి కాబట్టి కొవ్వు తీసినా లాభం లేదు. మంచినీటి చేపల విషయంలో వాటి గురించి ఇప్పుడు ఎక్కువగా ఆందోళన పడుతున్నారు.

ఈ పీసీబీల దగ్గర మీ పాప సంగతి చెప్పాలి. ఇవి ఒంట్లోంచి పోవడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు నాలుగేళ్ల ఆడపిల్ల ఒంట్లో చేరినవి కొంత రేపు ఆమె తల్లయ్యే వయసు దాకా ఉంటాయి. అందుకని ఆ నీళ్ల సంగతి తేలేదాకా పాపకు జలాశయం చేప పెట్టకండి. ఇతర చేప మాత్రం ఆపొద్దు. పాదరసం తక్కువున్న రకాల్లోంచి పూటకు 60 గ్రాముల లోపు, వారానికి రెండుసార్లు ఆ వయసుకు సరిపోతుంది. ముళ్లు తీసి పెట్టండి.

రక్త పరీక్ష చేయించుకోవాలా అన్నది మీ ఇష్టం. డాక్టర్‌ని అడిగితే రాస్తారు. తక్కువని తేలితే మీకు నిద్ర పడుతుంది. ఎక్కువని వచ్చినా చేయాల్సింది ఇప్పుడు చేస్తున్నదే, ఆ చేప ఆపడం. మీ స్వభావం మీకు తెలుసు. అంకె కళ్ల ముందుంటే టెన్షన్ తగ్గుతుందా, పెరుగుతుందా? దాన్ని బట్టి నిర్ణయించుకోండి. పాదరసాన్ని బయటికి లాగేస్తామని చెప్పే మందులు, డిటాక్స్ పొడులు మాత్రం ముట్టుకోవద్దు. బిడ్డ పుట్టాక పాలివ్వడానికి కూడా భయపడకండి. పాలలో కొంత వెళ్లే మాట నిజమే, అయినా తల్లిపాల మేలు దానికంటే చాలా ఎక్కువ.

ఇక మామగారు. మీ ఉత్తరం చివరి పేజీలో ఒక వాక్యం ఉంది. "ఇప్పుడు ఆయన ఒక్కరే వండుకుని తింటున్నారు." ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బిడ్డ గురించి, పాప గురించి, మీ గురించి అందరూ ఆలోచించారు. నాలుగు నెలలు మంచి ముక్కలు మీకు పెట్టి మిగిలింది తిన్నదీ, అంతకుముందు కొన్నేళ్లుగా తింటున్నదీ ఆయన. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఆ చేప తిన్న మనిషి ఆయనే. పెద్దవాళ్లకు ప్రమాదం బిడ్డకున్నంత లేదు, కానీ అసలు లేదని కాదు. ఆయన తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పాలి. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతున్నా, నడకలో తూలుడున్నా ఇంకా ముందే చెప్పాలి.

మీవారు ఆయనతో మాటలు కలపాల్సింది ఇక్కడి నుంచే అనిపిస్తోంది. "నీ చేప వద్దు" అన్న చోట ఆగిపోయిన మాట "నువ్వు కూడా తినకు నాన్నా, నీ గురించే భయంగా ఉంది" అని మొదలైతే ఆయనకు వేరేలా వినబడుతుంది. కొడుకు నోటి నుంచి అది వెంటనే రాకపోవచ్చు. అప్పుడు మీరే వెళ్లి కూర్చోండి. "మామయ్యా, చేప తింటే బిడ్డకు మంచిదని మీరు చెప్పింది నిజమే, చదివి తెలుసుకున్నాను. ఆ నీళ్ల సంగతే మనకెవరికీ తెలియదు" అనండి. మీరు మాట్లాడితే ఆయన మెత్తబడతారు, కానీ తనని పక్కన పెట్టి తేల్చేశారని మీవారు అనుకునే ప్రమాదం ఉంది. అందుకని ముందు రాత్రే మీవారికి చెప్పి వెళ్లండి. గాలం మానమని మాత్రం ఎవరూ అనొద్దు. పట్టి మళ్లీ నీళ్లలో వదిలేసేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. ఆ తెల్లవారుజాములు ఆయనకు కావాలి.

చివరగా ఆ ప్యాకెట్. మీరు తినొద్దు, పాపకు పెట్టొద్దు. పారేయొద్దు కూడా. ఉన్నది ఉన్నట్టుగా ఫ్రీజర్‌లో ఉంచండి. మీ దగ్గరి మత్స్యశాఖను గానీ, కాలుష్యాన్ని చూసే శాఖను గానీ అడిగి ఆ జలాశయం గురించి ఇప్పటికే ఏవైనా పరీక్షలు జరిగాయేమో, అక్కడి చేపల మీద సలహా ఏదైనా ఉందేమో కనుక్కోండి. ఏమీ లేకపోతే చేపను పరీక్షించే ల్యాబ్‌కు నమూనా పంపొచ్చు. పాదరసం ఒక పరీక్ష, పీసీబీలు వేరే పరీక్ష, రెండూ అడగాలి. ఒక్క చేపతో జలాశయం మొత్తం గురించి తేలిపోదు, కానీ మీరు తిన్నది ఎలాంటిదో కొంత తెలుస్తుంది. ల్యాబ్‌లో నేను నమూనా తీసుకునేటప్పుడు అడిగే వివరాలు నాలుగే ఉండేవి: ఏ రోజు పట్టారు, ఏ చోట పట్టారు, పొడవెంత, బరువెంత. తేదీ ప్యాకెట్ మీదే ఉంది. మిగతా మూడూ మీ మామగారిని అడగండి. గాలం వేసే మనిషికి అవి గుర్తుంటాయి. చేపను ల్యాబ్‌కు తీసుకెళ్లే పని కూడా ఆయనకే ఇవ్వండి.